దొడ్లో మాగిన పండ్లు

నా నోరు మంచిది కాదని తోటపాలెంలో అందరికీ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఆ ఊళ్ళో నాలుగేళ్ళు నర్సుగా చేశాక నేను తెలుసుకున్నది వేరు. నోరు మంచిదైతే ఊరు మన మాట వినదు. అలాంటి నేను ఒకే ఒక్కసారి, ఒక పావుగంటసేపు, నోరు మెత్తగా పెట్టుకున్నాను. ఊరికి మేలు జరిగింది ఆ పావుగంటలోనే. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు.

అరవై రెండో సంవత్సరం వేసవి సంగతి ఇది. తోటపాలెం నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో ఆరు మైళ్ళ దూరం. చుట్టూ మామిడి తోటలు. ఊరి చివర నలభై కూలి ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకు మరుగంటే తోటే. చెంబు పట్టుకుని అందులోకి వెళితే, కొమ్మలు నేలదాకా వాలి ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడే భయం లేదు. ఏడాదిలో ఎనిమిది నెలలు అలా గడిచిపోయేది. గొడవంతా మిగిలిన నాలుగు నెలలతోనే.

ఉగాది దాటి పిందె కాస్త కాయ అవుతోందనగా, కాపు గుత్తకు తీసుకున్న షావుకారు వచ్చి తోట చుట్టూ కంప వేయించేవాడు. కాపలా మనిషి వడిసెల పట్టుకుని మంచె ఎక్కేవాడు. ఇక తోటలో అడుగుపెట్టిన వాళ్ళంతా దొంగలే, చెంబు పట్టుకున్న ఆడదానితో సహా. తోట కాదంటే మిగిలింది ఒకపక్క కోతలైపోయిన బోడి పొలాలు, ఒకపక్క బస్సులు తిరిగే రోడ్డు. చెరువు గట్టు మైలున్నర. కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదంటారు. ఆ నలభై ఇళ్ళ ఆడవాళ్ళు మాత్రం ఏటా నాలుగు నెలలపాటు, పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా, ఆపుతూనే ఉండేవాళ్ళు. ఎలాగంటే, నీళ్ళు తాగడం మానేసి. మే నెల ఎండల్లో, నెత్తిన కాయల గంపలు మోస్తూ.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నాకు తెలియదు. ప్రతి వేసవీ నడుం నొప్పి, మంట, చలిజ్వరం అంటూ వరసగా వచ్చేవాళ్ళు. నీళ్ళు బాగా తాగండమ్మా, మీకేం రోగం అని కసిరి పంపేదాన్ని. వాళ్ళు తలూపి వెళ్ళేవాళ్ళు. ట్రైనింగులో నాకు నేర్పింది ఈగలు, విరేచనాలు, కలరా. ఆ లెక్కనే బ్లాకు ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగి, కూలి ఇళ్ళ పక్కన ఆడవాళ్ళ కోసం నాలుగు మరుగుదొడ్లు మంజూరు చేయించాను. కిందటి కార్తీకంలో కట్టారు. ఇటుక గోడలు, సిమెంటు నేల, పెంకు కప్పు, తలుపులకు లోపల గడియలు. నేలలో తెల్లటి పింగాణీ పళ్ళెం, దాని మెడలో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్ళు. చెంబుడు నీళ్ళు పోస్తే చాలు, వాసన పైకి రాదు.

రిబ్బను కత్తిరించిన మర్నాడే పంచాయతీ ప్రెసిడెంటు రాఘవయ్యగారు నాలుగింటికీ నాలుగు తాళాలు వేయించారు. ఎందుకండీ అంటే, పెద్ద ఆఫీసర్లు చూడడానికి వస్తారు, వాడితే పాడైపోవా అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. నేను నాలుగు రోజులు అరిచాను, తర్వాత ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆడవాళ్ళూ గట్టిగా అడగలేదు. అప్పుడు తోట తెరిచే ఉంది. పైగా ఆ గదులు వాళ్ళ ఇళ్ళకంటే బాగున్నాయి. అంత శుభ్రమైన గదిలో ఆ పనేంటండీ, ఇస్తే వంట చేసుకుంటాం గానీ అని రమణమ్మ ఎగతాళి చేసింది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు నా తప్పే.

ఈ రమణమ్మ కాయలు ఏరే మనిషి. కాయను అరచేతిలో పెట్టుకుని ఎన్ని రోజులకు మాగుతుందో చెప్పేస్తుంది. ఆమె కోడలు పార్వతి. ఇరవై నిండని పిల్ల, నెమ్మదస్తురాలు. కిందటి వేసవిలో ఆరో నెలలో చలిజ్వరం వచ్చి కడుపు పోయింది. ఎండదెబ్బ అనుకున్నాం. ఈ వేసవిలో మళ్ళీ ఆరో నెల. మళ్ళీ చలిజ్వరం.

బండి కట్టించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూత్రంలో చీము ఉందన్నారాయన. కిందటేడు కడుపు పోయిందీ దీనివల్లే అయి ఉంటుంది, ముదిరితే మళ్ళీ అదే జరుగుతుందన్నారు. సల్ఫా బిళ్ళలు ఇచ్చి, వేసుకున్న ప్రతిసారీ చెంబు నిండా నీళ్ళు తాగాలని, నీళ్ళు చాలకపోతే ఈ బిళ్ళే మూత్రపిండాలకు చేటు చేస్తుందని మరీ మరీ చెప్పారు. మూడో రోజు నేను చూడబోతే పార్వతి ఒళ్ళు కాలిపోతోంది. బిళ్ళలేవే అన్నాను. పమిట కొంగు చూపించింది. పన్నెండు బిళ్ళలూ ముడిలోనే ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. జ్వరంతో ఉన్న మనిషని కూడా చూడలేదు. నీకు బిడ్డ అక్కర్లేదా, నీ ప్రాణం అక్కర్లేదా అని నోటికొచ్చిందల్లా అన్నాను. ఆ పిల్ల అంతా విని నెమ్మదిగా ఒక్కటే అడిగింది.

"నీళ్ళు తాగితే ఎక్కడికెళ్ళమంటారండీ?"

నాలుగేళ్ళపాటు ఆ ఊరి ఆడవాళ్ళకు నేను చెప్పిన "నీళ్ళు తాగండమ్మా" అంతా నా మొహాన వచ్చి కొట్టినట్టయింది. నా అంత తెలివితక్కువది జిల్లాలో లేదనుకున్నాను. బయటికి వచ్చి చూస్తే యాభై గజాల దూరంలో ఆ నాలుగు గదులు, వాటికి నాలుగు తాళాలు. గాలి అటునుంచి వీచింది. కమ్మటి రసాల వాసన.

దగ్గరికి వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. మోకాలెత్తు వరిగడ్డి. గడ్డిలో వరసలు వరసలుగా చిన్నరసాలు, పచ్చగా మాగుతూ ఉన్నాయి.

సంగతేమిటంటే, ఆ చుట్టూ ఉన్న తోట రాఘవయ్యగారిది. కాపు గుత్తకు తీసుకున్నది నూజివీడు షావుకారు పాండురంగారావుగారు. ఎలకలు దూరని గదులు, గాలి దూరని తలుపులు, ఊరికే పడి ఉన్నాయి. తాళంచెవులు చేతులు మారాయి. పళ్ళేల మీద పలకలు పరిచి, గడ్డి వేసి కాయలు మాగేశారు. ఆడవాళ్ళకు ఆ గదులు నిజంగా కావలసి వచ్చిన నాలుగు నెలల్లోనే వాటిలో మామిడిపండ్లు కాపురం పెట్టాయి.

రాఘవయ్యగారి దగ్గరికి వెళ్ళి పార్వతి సంగతి చెప్పాను. ఆయన అయ్యో పాపం అన్నారు, నెల రోజులు ఓపిక పట్టమ్మా, కాయ దిగిపోతుంది అన్నారు. అది ఓపిక పట్టే పనేనా అన్నాను. దానికి ఆయన వినబడనట్టు సొరుగులోంచి ఒక కాగితం తీశారు. బ్లాకు ఆఫీసుకు పంపాల్సిన రిపోర్టు. పై నాలుగు మరుగుదొడ్లు నలభై కుటుంబముల స్త్రీలచే ప్రతిదినము వాడబడుచున్నవి అని రాసి, కింద ఆయన సంతకం చేసి ఉంది. దాని కింద నా సంతకానికి చోటు. దాన్ని ముక్కలు ముక్కలుగా చించి ఆయన ముందే పారేద్దామనిపించింది. ఏమనుకున్నానో, మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఆఫీసుకు ఉత్తరం రాశాను. వచ్చే మీటింగులో పెడతామని మూడో రోజుకు జవాబు వచ్చింది. మీటింగు నెల తర్వాత. ఈలోగా పార్వతి మూడు ముద్దలు కూడా తినడం లేదు. తాళాలు పగలగొడతానని నేనంటే రమణమ్మే ఆపింది. నలభై ఇళ్ళవాళ్ళూ ఆ షావుకారు దగ్గర పనిచేసేవాళ్ళే, సీజను మధ్యలో పనిలోంచి తీసేస్తే ఏం తింటాం అంది. తర్వాత కాసేపు ఏదో ఆలోచించి, రేపు కాయల బండి మీద నూజివీడు వెళుతున్నాను, మీరూ రండి అంది. ఎందుకంటే చెప్పదు. నేనూ ఆఫీసుకు పోయి ఆ కాగితం వాళ్ళ మొహాన కొట్టి రావాలనుకుంటున్నానేమో, బండెక్కాను.

మామిడి రోజుల్లో నూజివీడులో పాండురంగారావుగారి పందిరి కింద కాలు పెట్టే చోటు ఉండదు. ఆయన మంచి మాటకారి. కాయ చేతికిస్తూ కూడా కన్యాదానం చేస్తున్నట్టు ఇస్తారు. ఆ రోజు బాపులపాడు నుంచి లక్ష్మీనారాయణగారని ఒకాయన వచ్చారు. ఇంట్లో మేనల్లుడి పెళ్ళి, విందుకు ఆరువందల రసాలు కావాలి. వెంట ఆయన అక్కగారు కామేశ్వరమ్మ. మడీ ఆచారం ఉన్న పెద్దావిడ. ఒక్కో పండునూ తొడిమ దగ్గర వాసన చూసి గాని పక్కన పెట్టడం లేదు. పొగబెట్టి మాగేసిన కాయలు కావు కదా అని ఆవిడ గట్టిగా అడిగింది.

పాండురంగారావుగారు చెవులు మూసుకున్నారు. "ఎంత మాటండీ. దొడ్లో, వరిగడ్డిలో, తీరిగ్గా మాగిన పండు."

కామేశ్వరమ్మ ముఖం విప్పారింది. మా వైపు ఇంటి వెనక స్థలాన్ని దొడ్డి అంటాం. మా దొడ్లో పండు అంటే దానికో పరువు. ఆవిడ ఇంకో బుట్ట దింపించమంది. రమణమ్మ అక్కడే కింద కూర్చుని కాయలు ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"అవునమ్మగారూ, దొడ్లోనే మాగినయ్. మా దొడ్లోనే."

మీ ఇంటి దొడ్లోనా అని పెద్దావిడ ముచ్చటగా అడిగింది.

"మా ఇళ్ళకి దొడ్లెక్కడియ్యమ్మా. మా ఆడోళ్ళు దొడ్డికెళ్ళటానికని గవర్నమెంటోళ్ళు నాలుగు గదులు కట్టించారు. ఆటిల్లోనండి."

కామేశ్వరమ్మ చేతిలోని పండు జారి నేల మీద పడి చితికింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. దొడ్డి అనే మాట అదే. షావుకారు ఒకటి అమ్మారు, రమణమ్మ ఇంకొకటి చెప్పింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

పాండురంగారావుగారు ముందు నవ్వబోయారు, నవ్వు రాలేదు. అవి కొత్త గదులనీ, కట్టిన్నాటి నుంచి తాళాలు వేసే ఉన్నాయనీ, ఒక్క ఆడది కూడా వాటిలో అడుగుపెట్టలేదనీ దేవుడి మీద ప్రమాణం చేశారు. ఎవరూ నమ్మకపోయేసరికి చుట్టూ చూసి, సంచి పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఆయనకు. ఇదుగో, ఆ ఊరి నర్సమ్మగారే ఉన్నారు, కావాలంటే ఆవిణ్ణి అడగండి అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. ఆయన చెప్పింది నిజం. ఆ నిజం నా నోటి చివరే ఉంది. ఇంకోరోజైతే కోపంతో వెళ్ళగక్కేసేదాన్ని. వాడనివ్వలేదు కాబట్టే వాడలేదని ఆయన్ని నలుగురిలో తిట్టేదాన్ని. పండ్లు శుభ్రమైనవని అందరికీ రుజువైపోయేది, ఆయన నా తిట్లు తుడిచేసుకుని పండ్లు అమ్ముకునేవారు. అప్పుడే సంచిలో కాగితం గుర్తొచ్చింది. కాగితం తీసి, నా గొంతు నాకే కొత్తగా వినబడేంత మెత్తగా చదివాను. నలభై కుటుంబముల స్త్రీలచే ప్రతిదినము వాడబడుచున్నవి. సంతకం, రాఘవయ్యగారు, పంచాయతీ ప్రెసిడెంటు.

"నేను చిన్న ఉద్యోగస్తురాల్నండీ. ప్రెసిడెంటుగారి సంతకం అబద్ధమని నేనెలా అంటాను? మీరు అనండి. మీ మాట ఈ కాగితం మీదే రాసి, దారిలో ఆఫీసులో ఇచ్చి వెళతాను."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కాగితం నిజమంటే ఆ పండ్లు పెంటకుప్ప మీదికి. అబద్ధమంటే తోట ఇచ్చిన రాఘవయ్యగారి పరువు నలుగురిలో పోతుంది, వచ్చే ఏడు ఆ కాపు ఇంకొకరికి. కామేశ్వరమ్మ తమ్ముణ్ణి రెక్క పట్టుకుని పక్క పందిరిలోకి లాక్కుపోయింది. చుట్టూ ఉన్న వ్యాపారులు మెల్లగా నవ్వడం మొదలుపెట్టారు. దొడ్డిపండు ఏమాత్రం అంటూ ఎవరో వెనక నుంచి బేరం అడిగారు కూడా.

పాండురంగారావుగారు నన్ను పక్కకు పిలిచారు. ఏం కావాలమ్మా నీకు అన్నారు, చాలా అలసటగా. తాళంచెవులు అన్నాను. ఆయన మొలతాడుకు కట్టుకున్న గుత్తిలోంచి నాలుగు తీసి నా చేతిలో పెట్టారు. పనివాళ్ళ జోలికి పోకూడదు అని కూడా అన్నాను. పోయి ఏం చేస్తాను, ఆ ముసల్ది మళ్ళీ బజారు మధ్యలో కూర్చుంటుంది అన్నారు.

తాళంచెవులు చేతికి వచ్చాక, న్యాయం న్యాయమే కదా, పందిరి మధ్యలో నిలబడి ఆ పండ్లు శుభ్రమైనవేనని, ఆ గదులు ఎవరూ వాడలేదని నా మామూలు గొంతుతోనే చెప్పాను. ఒక్కరు కూడా నమ్మలేదు. దానికి నన్నేం చేయమంటారు?

మధ్యాహ్నం మూడు గంటలకల్లా మేం తోటపాలెంలో ఉన్నాం. షావుకారు మనుషులు నలుగురు వచ్చి పండ్లన్నీ బుట్టలకెత్తి బండ్ల మీద వేశారు. ఆడవాళ్ళు గడ్డి లాగి బయట పోశారు, పలకలు తీశారు, బావి నుంచి బిందెలు బిందెలుగా నీళ్ళు తెచ్చి కడిగారు. ఎంత కడిగినా రసాల వాసన పోలేదు. తర్వాత కూడా నెల రోజులు పోలేదు. రాఘవయ్యగారు ఆ చివరకు వచ్చి దూరం నుంచి చూసి వెళ్ళిపోయారు. ఆయన రిపోర్టు నేను చించలేదు. దాని కింద, ఈ రోజు సాయంత్రం నుంచి ఇది నిజము అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను. ఆఫీసులో దాన్ని ఏమని అర్థం చేసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

అంతా అయ్యాక తలుపులు తీసి ఉన్నాయి, లోపలికి వెళ్ళే మనిషి లేదు. ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతున్నారు. చివరికి రమణమ్మే చెంబు నింపుకుని, నాలుగు రోజులు గడ్డిలో కాయ మాగేస్తే దొరలకి తప్పు లేదు, నాలుగు నిమిషాలు నేను మాగితే తప్పొచ్చిందా అని లోపలికి పోయి గడియ వేసుకుంది. ఆ రోజు నుంచి ఆ నలభై ఇళ్ళల్లో మాట మారిపోయింది. ఎక్కడికే అంటే, మాగొస్తా అనేవాళ్ళు.

పార్వతికి వారం తిరక్కుండా జ్వరం తగ్గింది. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. ఆరు పౌన్లు, నా చేతుల మీదే. ఆ మరుసటి వేసవిలో మంట, చలిజ్వరం అంటూ నా దగ్గరికి వచ్చింది ఇద్దరే. కానీ ఎవరైనా అడిగితే నాకు ఊపిరి తిరిగింది పిల్ల పుట్టినప్పుడు కాదంటాను. ఆ సాయంత్రమే.

రమణమ్మ లోపలికి వెళ్ళగానే నేను చెంబు పట్టుకుని పార్వతి దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండి చిట్లిపోయాయి. అక్కడి నుంచి గదులు కనబడుతున్నాయి. అటే చూస్తూ అడిగింది.

"లోపలి నుంచి గడియ పడుద్దా అండీ?"

పడుతుందన్నాను. మీ అత్త ఇప్పుడు వేసుకుంది, వినబడలేదా అన్నాను. పార్వతి కొంగు ముడి విప్పింది. ఒక బిళ్ళ నోట్లో వేసుకుని చెంబు రెండు చేతులా ఎత్తి గడగడా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి రవికె తడిసింది. ఆపలేదు. చెంబు అడుగు కనబడేదాకా తాగి, ఊపిరి పీల్చుకుని, నా వైపు చాపింది.

"ఇంకో చెంబు ఇవ్వండి."

నేను లేచి బిందె దగ్గరికి పరుగెత్తాను.